పాత మియాటాకు 48 వోల్టుల తోడు: బెల్టు మోయగలిగినంతే హైబ్రిడ్

మైల్డ్ హైబ్రిడ్ మనవాళ్లకు కొత్త కాదు. 2015లో మారుతి సియాజ్ వెనక ‘ఎస్‌హెచ్‌వీఎస్’ (సుజుకీ తన మైల్డ్ హైబ్రిడ్‌కు పెట్టుకున్న పేరు) అక్షరాలు వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆల్టర్నేటర్ ఉండే చోట కాస్త పెద్ద మోటారు పెడతారు. బ్రేక్ వేసినప్పుడు అది కరెంటు తయారు చేస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అదే కరెంటుతో బెల్టు ద్వారా ఇంజిన్‌ను ముందుకు తోస్తుంది. సియాజ్‌లో అది 12 వోల్టులతో నడిచేది. 2020లో సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్‌లో 48 వోల్టులకు, 10 కిలోవాట్లకు పెంచింది. ఇప్పుడు యూరప్ కార్లలో ఈ మోటార్లు లెక్కలేనన్ని ఉన్నాయి, తుక్కు యార్డుల్లోకీ వచ్చేశాయి. పాత స్పోర్ట్స్ కార్ల యజమానుల కళ్లు వాటి మీద పడింది అందుకే.

పాత స్పోర్ట్స్ కారు అంటే ఏదైనా కావచ్చు గానీ, ఈ పనికి లెక్క తేలిగ్గా వేయగలిగింది మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం, అమెరికాలో మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికి వచ్చిన ఈ రెండు సీట్ల బండి బరువు టన్నుకు లోపే. 1.6 లీటర్ల ఇంజిన్ అమెరికా లెక్కలో 116 హార్స్‌పవర్, 136 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఆ టార్క్ వచ్చేది 5500 ఆర్‌పీఎం దగ్గర. కింద 2000 దగ్గర ఇంజిన్ బద్ధకంగా ఉంటుంది. మోటారు పని చేయాల్సింది సరిగ్గా అక్కడే.

బ్యాటరీ నుంచి 10 కిలోవాట్లు లాగితే ఇన్వర్టరులో (బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టె), మోటారులో, బెల్టులో కొంత పోయి క్రాంకుకు, అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసుకు, చేరేది 8.5 కిలోవాట్ల దాకా. అదే శక్తి 1500 ఆర్‌పీఎం దగ్గర 54 న్యూటన్ మీటర్లు. 2000 దగ్గర 40, 3000 దగ్గర 27, 4000 దగ్గర 20. రెడ్‌లైను దగ్గర పడి 6500కి వెళ్లేసరికి 12కి దిగిపోతుంది. అంటే మూడో గేరులో 2000 నుంచి తొక్కితే ఒంట్లో తెలిసేంత పికప్ వస్తుంది. ట్రాక్ మీద ఎప్పుడూ 5000 పైన తిప్పేవాడికి పాతిక, ముప్ఫై కిలోల అదనపు బరువు తప్ప మిగిలేది తక్కువ. హార్స్‌పవర్ కోసం ఈ పని తలపెట్టేవాళ్లు టర్బో వైపు వెళ్లడమే మేలు.

మైలేజీ లెక్క ఇంకా నిక్కచ్చిగా వేయాలి. మనిషితో కలిపి 1050 కిలోల బండి 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే దానిలో ఉన్న గతిశక్తి 146 కిలోజౌళ్లు, అంటే 40 వాట్ అవర్లు. ఆగేటప్పుడు ఇందులో గాలి, టైర్లు, ఇంజిన్ రాపిడి, ముందు బ్రేకులు తమ వాటా తీసుకుంటాయి. 1200 ఆర్‌పీఎం కిందకు దిగాక మోటారు చేసేదేమీ లేదు. చేతికి దక్కేది 10 వాట్ అవర్లు అనుకోవచ్చు. కానీ ఆరు సెకన్ల పాటు 10 కిలోవాట్ల తోపుకు అయ్యే ఖర్చు 17 వాట్ అవర్లు. ఒక్కో సిగ్నల్ దగ్గర పది వచ్చి, పచ్చలైటు పడగానే పదిహేడు పోతే లోటు ఎవరు పూడ్చాలి? మామూలు వేగంలో పోతున్నప్పుడు మోటారు జనరేటరుగా మారి, పెట్రోలు కాల్చే ఇంజిన్ నుంచే లాక్కోవాలి. కాబట్టి పికప్, మైలేజీ రెండూ ఒకే బండిలో ఒకేసారి రావు.

మైలేజీయే కావాలంటే ఆ పది వాట్ అవర్లను తోపుకు కాకుండా లైట్లకు, ఇగ్నిషన్‌కు, ఫ్యాన్లకు వాడాలి. 300 వాట్ల లోడుకు అవి రెండు నిమిషాలు వస్తాయి. ఆ రెండు నిమిషాలూ ఇంజిన్‌కు ఆల్టర్నేటర్ భారం ఉండదు. లీటరు పెట్రోలులో దాదాపు 9 కిలోవాట్ అవర్ల వేడి ఉంటే, మంచి ఇంజిన్ దాన్నుంచి 2.2 దాకా పనిగా మారుస్తుంది. ఆ ప్రకారం ఒక్కో ఆగుడుకు మిగిలేది నాలుగైదు మిల్లీలీటర్లు. ఊళ్లో కిలోమీటరుకు రెండుసార్లు ఆగే బండికి వంద కిలోమీటర్లకు మిగిలేది లీటరు కంటే కాస్త తక్కువ. హైవే మీద సున్నా.

మోటారు ఎక్కడ పెట్టాలన్నది తేలిక ప్రశ్నే. హోండా 1999 ఇన్‌సైట్‌లో చేసినట్టు ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు మధ్య 60 మిల్లీమీటర్ల పలుచని మోటారు ఇరికించడం కాగితం మీద అందంగా ఉంటుంది. మియాటాలో గేర్‌బాక్సును, డిఫరెన్షియల్‌ను కలుపుతూ పొడుగాటి అల్యూమినియం ఫ్రేము ఒకటి ఉంది. గేర్‌బాక్సు 60 మిల్లీమీటర్లు వెనక్కి జరిగితే ఆ ఫ్రేము, ప్రొపెల్లర్ షాఫ్టు, గేర్ లివరు రంధ్రం అన్నీ మార్చాల్సిందే. ముందు చక్రాల్లో హబ్ మోటార్లు పెడితే స్టీరింగ్ సున్నితత్వం పోతుంది, ఆ బండి కొనుక్కున్నదే దానికోసం. మిగిలేది బెల్టు. విప్పేస్తే బండి మళ్లీ పాత రూపానికి వచ్చేయడం దీనిలోని పెద్ద లాభం.

క్రాంకు ముక్కు

బెల్టు అనుకోగానే మోటారు వెతకడం మొదలుపెడతారు. అంతకంటే ముందు చూడాల్సింది క్రాంక్ షాఫ్టు కొస. 1989 నుంచి 1991 మధ్య దాకా వచ్చిన 1.6 ఇంజిన్లలో ఆ కొస పొట్టిగా ఉంటుంది. పుల్లీని, టైమింగ్ బెల్టు పళ్లచక్రాన్ని పట్టి ఉంచే నడిమి బోల్టు వదులైతే, కీ (పళ్లచక్రం ఇరుసు మీద జారకుండా మధ్యలో దూర్చే చిన్న ఉక్కు ముక్క) తన గాడిలో అటూ ఇటూ కొట్టుకుంటూ గాడిని వెడల్పు చేస్తుంది. పళ్లచక్రం కొద్దిగా తిరిగిపోయి టైమింగ్ తప్పుతుంది, బండి నీరసంగా లాగుతుంది. చివరికి క్రాంకే మార్చాలి. మామూలు ఆల్టర్నేటర్‌ను తిప్పడానికే ఇలా జరిగిన ఇంజిన్లు ఉన్నాయి. ఇక్కడ మనం పెట్టబోయేది ఒక క్షణం క్రాంకును ముందుకు తోసి, మరుక్షణం వెనక్కి లాగే మోటారు. కీకి, గాడికి మధ్య వెంట్రుక వాసి సందున్నా ఆ దిశ మార్పు ప్రతిసారీ సుత్తి దెబ్బే.

పొట్టిదో పొడుగుదో తెలుసుకోవడానికి ఇంజిన్ విప్పక్కర్లేదు. పై నుంచి టార్చి వేసి క్రాంకు పుల్లీ ముఖం మీద గాళ్లు లెక్కపెట్టాలి. నాలుగు ఉంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే పొడుగు. నాలుగు కనిపిస్తే ఈ పని అక్కడే ఆపి పొడుగు ముక్కు ఇంజిన్ గానీ, 1994 నుంచి వచ్చిన 1.8 గానీ వెతుక్కోవాలి. లోక్‌టైట్ (బోల్టులు వదులవకుండా పూసే జిగురు) పూసి నెట్టుకురావడం మామూలు బండికి సరిపోవచ్చు, దీనికి చాలదు. పొడుగు ముక్కులో నడిమి బోల్టు బిగింపు 157 నుంచి 166 న్యూటన్ మీటర్లు, పొట్టిదానికి 108 నుంచి 118. పుల్లీని పళ్లచక్రం నడిమి భాగానికి పట్టి ఉంచేవి మాత్రం నాలుగు ఎం6 బోల్టులు, ఒక్కోదానికి 12 నుంచి 17 న్యూటన్ మీటర్లే. మోటారు టార్క్ అంతా ఆ నాలుగింటి మీదుగా పోతుంది. పాతవి తీసేసి గట్టి ఉక్కుతో చేసిన 10.9 గ్రేడు కొత్తవి వేయడం చాలా చవకైన బీమా. అయినా గ్రేడు పెరిగిందని బిగింపు ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు, అవతల మరలు పాతవే కదా.

పుల్లీ లోపలి గుండుకు, బయటి వలయానికి మధ్య రబ్బరు పొర ఉంటే రెండిటి మీదుగా పెయింటుతో అడ్డంగా ఒక గీత గీసి ఉంచాలి. నాలుగు రోజులు నడిపాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు జారుతోందన్నమాట. ఒక్క ముక్కగా చెక్కించిన పుల్లీ వేస్తే జారుడు ఉండదు, కానీ ఆ రబ్బరు చేసే డ్యాంపర్ పని, అంటే క్రాంకు వణుకును మింగడం, కూడా పోతుంది. కార్ల తయారీదారులు రబ్బరు ఉన్న దాన్నే బలంగా చేసి వాడతారు, దానికి కారణం ఉంది.

బెల్టు లెక్క

అసలు బెల్టు 4 గాళ్లది. మోటారుకు కనీసం 6 గాళ్లది కావాలి, అంటే పుల్లీలన్నీ మార్చాలి. క్రాంకు పుల్లీకి, మోటారు పుల్లీకి నిష్పత్తి 2.4 దగ్గర పెట్టుకోవడం మంచిది. ఇంజిన్ 7200 తిరిగితే మోటారు 17,280 తిరుగుతుంది. ఈ జాతి మోటార్ల గరిష్ఠ వేగం సాధారణంగా 18,000 దగ్గర ఉంటుంది కాబట్టి, తక్కువ వేగంలో ఇంకాస్త టార్క్ వస్తుందని 2.8కి పోతే పై వేగంలో రోటరు (మోటారు లోపల తిరిగే భాగం) పని అయిపోతుంది. డీజిల్ కారు నుంచి తీసిన మోటారుకు దాని పుల్లీనే ఉంచేసి బిగించేవాళ్లు పడే బోను ఇదే. డీజిల్ ఇంజిన్ 4500 దాటదు, అందుకని వాళ్లు నిష్పత్తి ఎక్కువ పెట్టుకున్నారు.

బెల్టును చంపేది తోపు కాదు, స్టార్టింగు. 2000 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు మీద 40 న్యూటన్ మీటర్లంటే మోటారు పుల్లీ మీద 17. పుల్లీ వ్యాసం 60 మిల్లీమీటర్లైతే బెల్టు రెండు పక్కల మధ్య లాగుడు తేడా దాదాపు 560 న్యూటన్లు. అదే మోటారుతో ఇంజిన్‌ను స్టార్ట్ చేయాలంటే మోటారు పుల్లీ మీద 50 న్యూటన్ మీటర్లు కావాలి, తేడా 1660 న్యూటన్లకు పోతుంది. మూడు రెట్లు. చలి ఉదయాన చిక్కటి ఆయిలుతో అది జారి కీచుమంటుంది, గాళ్లు అద్దంలా నున్నబడతాయి, ఇక ఆపైన తోపు సమయంలో కూడా జారుతుంది. కాబట్టి పాత సెల్ఫ్ మోటారు తీయకూడదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగి తనంతట తాను లేచే సౌకర్యాన్ని కూడా వదులుకోవడమే తెలివి. ముప్ఫై ఏళ్ల బండికి అది పెద్ద లోటేమీ కాదు.

బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ సంగతి వేరే. మామూలు ఆల్టర్నేటర్ బెల్టుకు ఎప్పుడూ ఒకే పక్క వదులు, ఇంకో పక్క బిగువు. ఇక్కడ తోసేటప్పుడు ఒక పక్క వదులైతే, చార్జి చేసేటప్పుడు రెండో పక్క వదులవుతుంది. ఒకే చేయి ఉన్న స్ప్రింగు టెన్షనర్ వేస్తే ఒక దిశలో బాగుంటుంది, రెండో దిశలో బెల్టు దాన్ని లాగి తెరిచేసి జారిపోతుంది. మోటారు ముఖం మీదే బిగించే రెండు చేతుల టెన్షనర్ కావాలి, అది దాత కారులోనే, అంటే మోటారు తీసిన కారులోనే, ఉంటుంది. మోటారుతో పాటు దాన్ని, బ్రాకెట్టును కలిపి కొనకపోతే విడిగా దొరకడం కష్టం. చిన్న పుల్లీ చుట్టూ బెల్టు అర చుట్టుకు దగ్గరగా ఆనాలి. అన్ని పుల్లీలూ ఒకే గీతలో ఉండాలి, మిల్లీమీటరు తేడా వచ్చినా బెల్టు అంచు పీచులు లేస్తుంది. బ్రాకెట్టుకు 10, 12 మిల్లీమీటర్ల పలక వాడి, బ్లాకుకు కనీసం మూడు చోట్ల పట్టించాలి. రెండు చోట్ల పట్టించినది 5000 దాటాక వణుకుతుంది, వణికిన బ్రాకెట్టు పగులుతుంది.

ఈ ఇంజిన్‌లో ఒక ఇబ్బంది ఉంది. వాటర్ పంపు తిరిగేది టైమింగ్ బెల్టుతో కాదు, ఆల్టర్నేటర్ బెల్టుతో. ఆల్టర్నేటర్ స్థానంలో మోటారు పెట్టి బెల్టు తెగితే చార్జింగు, కూలింగు రెండూ ఒకేసారి పోతాయి. వేడికి సిలిండర్ హెడ్ వంగడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంజిన్ ముందు రెండో బెల్టు ఒకటి ఏసీ కంప్రెసరును, పవర్ స్టీరింగును తిప్పుతుంది. ఆ రెండూ లేని బండి అయితే మోటారును ఆ బెల్టు మీదకు మార్చడమే సరైన దారి. తెగినా ఇంజిన్ క్షేమంగా ఇంటికి వస్తుంది. ఏసీ తీసేయమంటే టెక్సాస్‌లో ఉన్నవాడు ఒప్పుకుంటాడా అన్నది వేరే విషయం.

ఆల్టర్నేటర్ అలాగే ఉంటే పైన చెప్పుకున్న మైలేజీ లాభం పోతుంది కదా అన్న ప్రశ్న వస్తుంది. దానికి చిన్న ఉపాయం ఉంది. 48 వోల్టులను 12 వోల్టుల వైపుకు దించే 1 కిలోవాట్ డీసీ-డీసీ కన్వర్టరు ఒకటి పెట్టి, ఆల్టర్నేటర్ ఇచ్చే వోల్టేజీని మీటరుతో కొలిచి, దానికంటే 0.2 వోల్టులు ఎక్కువ ఉండేట్టు కన్వర్టరును సెట్ చేయాలి. లోడంతా కన్వర్టరు మోస్తుంది, ఆల్టర్నేటర్ ఖాళీగా తిరుగుతుంది. 48 వోల్టుల వైపు ఏదైనా పోతే ఆల్టర్నేటర్ దానంతటదే పని అందుకుంటుంది.

బ్యాటరీ, కేబుళ్లు, ఎర్త్

0.4 కిలోవాట్ అవర్ల ప్యాకు చాలు. అందులో సగమే వాడుకున్నా పన్నెండు తోపులకు సరిపోతుంది. కావాల్సింది నిల్వ కాదు, ఒక్కసారిగా ఇచ్చే కరెంటు. 10 కిలోవాట్లంటే 210 ఆంపియర్లు. 10 ఆంపియర్ అవర్ల సెల్లుకు అది ఇరవై రెట్లు. ఎలక్ట్రిక్ స్కూటరు సెల్లులు ఇది ఇవ్వలేవు, ఇవ్వబోతే ఉబ్బుతాయి. మైల్డ్ హైబ్రిడ్ కారు నుంచి తీసిన ప్యాకు గానీ, లిథియం టైటనేట్ సెల్లులు గానీ వాడాలి. టైటనేట్ సెల్లులు 20 వరసగా కలిపితే నామమాత్రపు వోల్టేజీ 46, నిండినప్పుడు 54. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు 16 కలిపితే నిండినప్పుడు 58.4కి పోతుంది. అప్పుడు బ్రేక్ వేస్తే 60 దాటుతుంది. మనిషి తాకినా ప్రమాదం లేదని లెక్కగట్టే గీత 60 వోల్టుల డీసీ, దాన్ని దాటనివ్వకూడదనే ఈ వ్యవస్థ 48 దగ్గర ఆగింది. ఆ ప్యాకే వాడితే చార్జిని 80 శాతం పైకి పోనివ్వకూడదు.

ప్యాకుకు చోటు డిక్కీలోనే, అసలు 12 వోల్టుల బ్యాటరీ కూడా అక్కడే ఉంటుంది. కాకపోతే వెనక సైలెన్సర్ డిక్కీ నేల కిందే అడ్డంగా ఉంటుంది. నేలకు, ప్యాకుకు మధ్య వేడి ఆపే రేకు, 20 మిల్లీమీటర్ల గాలి సందు ఉండాలి. కేబుల్ 35 చదరపు మిల్లీమీటర్ల రాగిది. డిక్కీ నుంచి ఇంజిన్ దాకా రాను పోను 8 మీటర్లనుకుంటే, 210 ఆంపియర్ల దగ్గర పోయేది 0.8 వోల్టు.

ఫ్యూజు కొనేటప్పుడు ఆంపియర్లే చూసి వోల్టులు చూడనివాళ్లు ఎక్కువ. 12 వోల్టుల దగ్గర తీగ తెగగానే నిప్పురవ్వ ఆరిపోతుంది, 48 దగ్గర ఆర్క్ అలాగే నిలిచి కాలుతూనే ఉంటుంది. 32 వోల్టుల ముద్ర ఉన్న కారు ఫ్యూజు కాలిపోయాక కూడా కరెంటు ఆపకపోవచ్చు. 70 వోల్టుల డీసీ ముద్ర ఉన్న 250 ఆంపియర్ల ఫ్యూజును ప్యాకు నుంచి జానెడు దూరంలోపే పెట్టాలి. ప్యాకును కలిపి, విడదీసే పెద్ద రిలే అయిన కాంటాక్టరుకూ అదే నియమం. దాన్ని మూసే ముందు 33 ఓముల రెసిస్టరు ద్వారా ఇన్వర్టరు కెపాసిటర్లను ఒక సెకను పాటు నింపాలి. లేకపోతే మూసిన ప్రతిసారీ పెద్ద మెరుపుతో కాంటాక్టులు అతుక్కుపోయే దాకా వస్తుంది, అతుక్కున్నాక తాళం తీసినా 48 వోల్టులు ఆగవు.

ఎర్త్ దగ్గరే ఎక్కువ కంప్యూటర్లు కాలతాయి. 48 వోల్టుల ఎర్త్, 12 వోల్టుల ఎర్త్ రెండూ బాడీకే పోతాయి గానీ ఒకే బోల్టు కింద కలపకూడదు. ఆ బోల్టు తుప్పుపట్టి వదులైందనుకోండి, 48 వోల్టుల కరెంటు వెనక్కి పోయే దారి లేక 12 వోల్టుల వైర్ల మీదుగా దారి వెతుక్కుంటుంది. ముందు పోయేది ఇంజిన్ కంప్యూటరు. అరచేతి దూరంలో రెండు వేర్వేరు బోల్టులు, పెయింటు గీకిన రేకు, గ్రీజు. ఇంతే.

కంప్యూటరుకు ఏం చెప్పాలి

1990 నుంచి 1993 దాకా వచ్చిన మాన్యువల్ గేరు 1.6లో థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్ లేదు. పూర్తిగా మూసుందా, దాదాపు పూర్తిగా తెరిచారా అని మాత్రమే చెప్పే స్విచ్చు ఉంది. ఇక మోటారుకు ఎంత తోయాలో ఎలా తెలుస్తుంది? థ్రాటిల్ ఇరుసుకు మామూలు సెన్సర్ ఒకటి బిగించి, దాని వైరును మోటారు కంట్రోలరుకే ఇవ్వాలి, అసలు స్విచ్చును ముట్టుకోకుండా. ఇంజిన్ తన గాలిని ఫ్లాపు మీటరుతో కొలుచుకుంటుంది, మోటారు తోసినంత మాత్రాన ఆ గాలి లెక్క తప్పదు. కాబట్టి పెట్రోలు మ్యాపు, అంటే ఎంత పెట్రోలు వేయాలో కంప్యూటరులో ఉండే పట్టిక, మార్చే పని లేదు.

క్లచ్ స్విచ్చు మాత్రం ప్రాణం లాంటిది. యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కినప్పుడు మోటారు ఇంకా చార్జి చేస్తూ ఉంటే, చక్రాల ఆసరా పోయిన ఇంజిన్‌ను అది ఒక్కటే వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుకు ఇంజిన్ ఆగిపోతుంది. బండిలో ఉన్న స్టార్టర్ స్విచ్చు పెడల్ నేలకు ఆనేటప్పుడు గానీ కలవదు, అప్పటికే ఆలస్యం. పెడల్ పై అంచున 10 మిల్లీమీటర్లు కదలగానే తెగే రెండో స్విచ్చు కావాలి. ఆ స్విచ్చు తెగిన 50 మిల్లీసెకన్లలో మోటారు టార్క్ సున్నాకు రావాలి.

దాత కారు మోటారు తన కారు కంప్యూటరుతో క్యాన్ లైను (కారులోని కంప్యూటర్లు సందేశాలు పంపుకునే వైర్ల జత) మీద మాట్లాడుకుంటుంది. వరస సంఖ్య, సరిచూపు సంఖ్య ఉన్న సందేశాలు క్రమం తప్పక రాకపోతే తప్పు నమోదు చేసి పడుకుంటుంది. ఆ భాష తెలిసిన మోటారునే కొనాలి, లేదా లోపలి కంట్రోల్ బోర్డు తీసి ఓపెన్ సోర్స్ బోర్డు పెట్టాలి. చవకగా దొరికిందని ముందు మోటారు కొనేస్తే మిగతా ఖర్చంతా ఇక్కడే పుడుతుంది.

చార్జింగు లాగుడు పడేది వెనక చక్రాల మీదే. 3000 ఆర్‌పీఎం దగ్గర 6 కిలోవాట్లు లాగితే రెండో గేరులో టైర్ల దగ్గర 530 న్యూటన్లు, మూడో గేరులో 375. పొడి రోడ్డు మీద ఇది లెక్కలోది కాదు. 2265 మిల్లీమీటర్ల పొట్టి వీల్‌బేసు బండిని తడి మలుపులో పెట్టి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే మాత్రం ఇంజిన్ బ్రేకింగుకు ఇది తోడై వెనక భాగం జారడానికి చాలు. టార్క్ 300 మిల్లీసెకన్లలో మెల్లగా పెరగాలి, రెండో గేరులో సగానికి తగ్గించాలి. బ్రేక్ లైటు వెలిగినప్పుడే పూర్తి లాగుడు ఇవ్వడం ఇంకా నయం.

చట్టం

ఎంఎక్స్-5ను మాజ్డా భారత్‌లో అమ్మలేదు. ఇక్కడ వేరే కారుకు ఈ పని చేయాలనుకున్నా, బండిలో మార్పులకు హద్దులు గీసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాటి పోలేరు. హైబ్రిడ్ రెట్రోఫిట్ కిట్లకు (పాత బండికి తర్వాత బిగించేవి) ఏఐఎస్-123 ప్రమాణం ఉంది, పుణెలోని వాహన పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ లాంటి సంస్థ కిట్‌ను పరీక్షించి ఆమోదించాలి, తర్వాత ఆర్సీలో ఎక్కించాలి. ఆ దారి కిట్ తయారీదారులకు వేసింది, ఒక్క బండికి చేసుకునేవాడికి కాదు. 2010లో కేపీఐటీ, భారత్ ఫోర్జ్ కలిసి ప్రకటించిన ‘రెవోలో’ బెల్టు హైబ్రిడ్ కిట్ లాంటివాటికి అది సరిపోతుంది. కాలిఫోర్నియాలో అయితే 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు స్మాగ్ పరీక్షలో (పొగ పరీక్ష) బానెట్ ఎత్తి చూస్తారు. మినహాయింపు ఉత్తర్వు సంఖ్య లేని అదనపు పరికరం కనిపిస్తే ఉద్గారాలు శుభ్రంగా ఉన్నా ఫెయిల్. పరీక్ష లేని రాష్ట్రాల్లోనూ బీమా కంపెనీకి ముందే రాసి చెప్పాలి.

మొదటిసారి తిప్పేటప్పుడు

మొదట మోటారుకు కరెంటు ఇవ్వకుండా, బెల్టుతో ఊరికే తిరిగేట్టు వంద కిలోమీటర్లు నడపాలి. బ్రాకెట్టు, పుల్లీల వరుస, పెయింటు గీత అప్పుడే చూసుకోవాలి. తర్వాత చార్జింగు మాత్రమే, 1 కిలోవాట్‌తో. ఆ తర్వాత తోపు, 3 కిలోవాట్లతో మొదలుపెట్టి మెల్లగా 10కి. ఈ సమయమంతా కంట్రోలరు రెండు సంఖ్యలు నమోదు చేయాలి: క్రాంకు వేగాన్ని 2.4తో గుణించినది, మోటారు అసలు వేగం. తేడా 2 శాతం లోపుంటే బాగున్నట్టు. 3 దాటితే టార్క్ తనంతట తాను తెగేట్టు ప్రోగ్రాము రాయాలి. తేడా తోపులో కనిపించి చార్జింగులో కనిపించకపోతే తప్పు టెన్షనర్ చేతిది. రెండిట్లోనూ కనిపిస్తే బెల్టుది, లేదా దాని మీద పడిన ఆయిలుది. ఈ వయసు ఇంజిన్లలో క్యామ్ కవర్ గ్యాస్కెట్టు, క్రాంకు ముందు సీలు కారడం మామూలే కాబట్టి, 6 గాళ్ల కొత్త బెల్టు వేసే ముందే ఆ రెండూ మార్చేయడం నయం. ఎలాగూ టైమింగ్ కవరు దాకా విప్పారు కాబట్టి టైమింగ్ బెల్టు, వాటర్ పంపు కూడా అప్పుడే వేసేస్తే అదే పనికి మళ్లీ కూలి ఇవ్వక్కర్లేదు.